బుధవారపు ఒక్కపొద్దు

తిరుపతిలో ఎవరూ ఆకలితో ఉండరని అందరూ అంటారు. కొండ మీద అన్నం పెడతారు, కొండ కింద అన్నం పెడతారు, బస్టాండు దగ్గర ఎవరో ఒక పుణ్యాత్ముడు పులిహోర పొట్లాలు పంచుతూనే ఉంటాడు. నిజమే, కాదనను. ఆ ఊళ్లోనే, ఆ కొండ కనిపించే గదిలోనే, నేను ఏడాదికి పైగా కడుపు మాడ్చుకుని బతికాను. పక్కింటివాళ్లకు తెలియలేదు. కన్నకొడుక్కి తెలియలేదు. తెలియకపోగా అందరూ నాకు దండాలు పెట్టారు.

అదెలాగంటే, ఒక్కపొద్దుల వల్ల. మా వైపు ఒక్కపొద్దు అంటే దేవుడి పేరు చెప్పి ఆ రోజుకు ఒక్క పూటే తినడం. సోమవారం శివుడికి, శుక్రవారం అమ్మవారికి, శనివారం ఏడుకొండలవాడికి. ఒక్కపొద్దు ఉన్న మనిషిని ఎవరూ తినమని అడగరు. అడిగితే మొక్కు చెడగొట్టిన పాపం తమకు చుట్టుకుంటుందని భయం. మా ఇంటి ఓనరమ్మ మంచిది. వడలు వేసినా, పాయసం చేసినా గిన్నెలో పెట్టుకుని నా గది దాకా వచ్చేది. "ఈ పొద్దు ఒక్కపొద్దమ్మా" అని నేను అనగానే నాలుక కరుచుకుని, గిన్నె మీద కొంగు కప్పుకుని, వచ్చిన దారినే వెనక్కి పోయేది. ఆ వడల వాసన మాత్రం గదిలోనే ఉండిపోయేది.

మొదట్లో శనివారం ఒక్కటే ఉండేదాన్ని. అది పుట్టింటి నుంచి వచ్చిన అలవాటు, అందులో అబద్ధం లేదు. తర్వాత సోమవారం చేరింది, శుక్రవారం చేరింది. మంగళవారానికి ఆంజనేయుడు దొరికాడు, గురువారానికి సాయిబాబా దొరికాడు. దేవుళ్లకు మన దేశంలో కరువేముంది! ఆ ఒక్క పూట కూడా ఏం తినేదాన్ని? మజ్జిగలో ఇంత అటుకులు, లేకపోతే గుప్పెడు చెనిక్కాయలు, అంటే వేరుశనగలు, బెల్లం ముక్క.

ఇంత దూరం ఎందుకు వచ్చిందో చెప్పాలి. మాకు బంగారుపాళ్యం దగ్గర మామిడితోట ఉండేది. మా ఆయనకు కిడ్నీలు పాడైనప్పుడు తోట పోయింది, తోట వెనకాలే ఆయనా పోయారు. కొడుకు గుజ్జు ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. మామిడికాయల కాలంలో రాత్రింబగళ్లు పని, మిగతా కాలంలో దొరికితే పని, లేకపోతే లేదు. కోడలు చెడ్డది కాదు. నాకు వడ్డించి, పిల్లలకు వడ్డించి, తన కంచంలో గంజి పోసుకునేది. నేను చూడనట్టు నటించేదాన్ని, తను పోసుకోనట్టు నటించేది. నాకు ఆ నాటకం పడలేదు. ఒకరోజు, "నేను తిరపతికి పోతా, సామి దగ్గర ఉంటా" అన్నాను. మా ఇళ్లల్లో ఆ మాటకు ఎదురు చెప్పేవాడు ఎవడు? కొడుకు కాళ్లకు దండం పెట్టి, బస్సెక్కించి, సందు చివర ఒక గది చూసిపెట్టి వెళ్లాడు. మా అమ్మకు భక్తి ఎక్కువని ఫ్యాక్టరీలో గొప్పగా చెప్పుకున్నాడట.

పింఛను వస్తుంది. అది గది అద్దెకూ మాత్రలకూ సరిపోతుంది, తర్వాత మిగిలితే తిండికి. రేషను బియ్యం కొడుకు కార్డులో ఉంది. నా పేరు మీద వచ్చేది కూడా అక్కడే పిల్లల కంచాల్లోకి పోతుంది. పోనీ, వాళ్లు తిననీ.

సత్రాలకు పోయి తినొచ్చు కదా అని మీరు అడుగుతారు. పోయాను. మోకాళ్లు సహకరించిన రోజున పోయి వరసలో నిలబడ్డాను, అన్నం పెట్టారు, వేడిగా, కడుపునిండా. పెట్టినవాళ్ల చేయి చల్లగా ఉండాలి. కానీ దినదినమూ అంత దూరం పోను నాకు ఓపిక లేదు. మోకాళ్ల మాట అటుంచండి. అన్నమైతే వరసలో నిలబడి తెచ్చుకోవచ్చు, తినాలనే బుద్ధి ఏ వరసలో నిలబడితే దొరుకుతుంది?

ఎందుకంటే ఆ రోజుల్లో నా మనసు చచ్చిపోయి ఉంది. ఇలా రాయడానికి నాకు సిగ్గు లేదు. తెల్లవారితే, ఎందుకు తెల్లవారిందా అనిపించేది. స్టవ్ ముందు కూర్చుని అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని, వెలిగించడం ఎవరికోసమని ఆలోచిస్తూ ఉంటే పొద్దెక్కిపోయేది. నోట్లో ఏది పెట్టుకున్నా మట్టే. బియ్యం లేని రోజున తినాలని లేదులే అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. బియ్యం ఉన్న రోజున నిజంగానే తినాలని ఉండేది కాదు. ఏది ముందో, ఏది వెనకో నాకే తెలిసేది కాదు. వయసైపోతే అంతే అని అందరూ అంటారు కదా, నేనూ అంతే అనుకున్నాను. ఆసుపత్రికి వెళితే చిన్న డాక్టరమ్మ కనురెప్ప లాగి చూసి, రక్తం లేదని మాత్రలు రాసింది. భోజనం తర్వాత వేసుకోమని చెప్పింది. ఆ భోజనం ఎక్కడుందో నన్ను అడిగి ఉంటే బాగుండేది. అడగలేదు, నేను చెప్పలేదు.

ఓనరమ్మ కూతురికి పరీక్షలున్న రోజున తల్లీకూతుళ్లిద్దరూ నా దగ్గరికి వచ్చారు. "పెద్దమ్మా, ఇన్ని నోములు నోస్తా ఉండావు, నీ నోటితో దీవించు" అంటూ ఓనరమ్మ నా కాళ్ల మీద పడింది. నేను లేచి నిలబడబోయాను. కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాను, ఒళ్లంతా వణికింది. ఓనరమ్మ రెండు చేతులూ జోడించి, "గోవిందా గోవిందా" అంటూ వెనక్కి జరిగింది. నాకు సామి వచ్చిందనుకుంది! ఆ పిల్ల పరీక్ష బాగా రాసిందట. ఆ తర్వాత నా గది గడపకు పసుపు రాసే దాకా పోయింది వాళ్ల భక్తి. ఒక్కరైనా నా వంటగిన్నె మూత ఎత్తి చూసి ఉంటే అందులో ఏముందో తెలిసేది.

పంతులమ్మ పరిచయం పాలబూతు పక్కనుండే సిమెంటు అరుగు మీద అయింది. ఆమె నాకంటే కొంచెం చిన్నది. పుట్టుకతో వైష్ణవులు, తాతముత్తాతలు గుళ్లో కైంకర్యం చేసినవాళ్లు. పెళ్లి చేసుకోలేదు. ఒక ప్రైవేటు బడిలో ముప్పావు జీవితం తెలుగు చెప్పింది, వయసైపోయిందని వాళ్లు శాలువా కప్పి పంపించేశారు. పింఛను లేదు, గింఛను లేదు. అన్న కొడుకు ఇంటి వెనకాల చిన్న గదిలో ఉంటూ మడితో తన వంట తనే చేసుకునేది. బయటి తిండి ముట్టదు. ఆ అన్న కొడుకూ వాళ్లావిడా పొద్దున్నే ఉద్యోగాలకు పోయి, దీపాలు పెట్టాక వచ్చేవాళ్లు. ఈమె ఏం వండుకుంది, అసలు వండుకుందా అని చూసే తీరిక వాళ్లకు లేదు. అడిగితే ఈమె మాత్రం చెబుతుందా?

మా ఇద్దరికీ మాట కలిసింది కానీ తిండి మాట ఎత్తేవాళ్లం కాదు. ఆకలిగా ఉన్నవాళ్లు తిండి మాట ఎత్తరు. కొండ మీద మబ్బు పట్టిందనీ, పాలవాడు నీళ్లు కలుపుతున్నాడనీ మాట్లాడుకునేవాళ్లం. మా ఎదురుగా ఒక పెద్ద మేడ. ఆ ఇంటి పెద్దాయన గేటు లోపల ఇనుప కుర్చీలో కూర్చుని ఉండేవాడు. ఒకప్పుడు పొలం చేసిన మనిషని ఆ చేతులు చూస్తేనే తెలుస్తుంది. ఎవరితోనూ మాట్లాడడు. మధ్యాహ్నమయ్యేసరికి సందులో ఉండే ఎర్రకుక్క ఆ గేటు ముందు చేరి తోక ఊపుతూ ఉండేది. దానికి దినమూ పప్పన్నం, కూర, పెరుగన్నం కూడా. ఒకసారి అప్పడం నమలడం చూశాను. అందులో దాచేదేముంది, ఆ కుక్కను చూసి నాకు కడుపు మండింది.

ఒక బుధవారం. ఓనరమ్మ ఉప్మా తెస్తే ఎప్పట్లాగే పంపించేసి, అరుగు మీదికి వచ్చి కూర్చున్నాను. వక్కపొడి వేసుకుంటావా అని పంతులమ్మను అడిగాను.

"వొద్దక్కా. ఈ పొద్దు ఒక్కపొద్దు" అంది.

"నాది కూడా" అన్నాను.

వక్కపొడి పొట్లం మడిచి కొంగున కట్టుకున్నాను. తర్వాత ఆమె నా వైపు తిరగకుండానే, "అక్కా, ఈ పొద్దు బుధవారం గదా?" అంది.

"అవును."

"బుధవారం ఏ సామికి?"

నేను ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. ఎవరూ తట్టలేదు. "నీది ఏ సామికి?" అని ఎదురడిగాను.

ఆమె చిన్నపిల్లలా తల దించుకుంది. ఆమె మెడ దగ్గర ఎముకలు, రవికె చేతుల్లో వేలాడుతున్న చేతులు అప్పుడు చూశాను. రోజూ పక్కన కూర్చునే మనిషిని అప్పుడే చూశాను. నాకు నవ్వు వచ్చింది. ఆమెకూ వచ్చింది. ఇద్దరం పైటచెంగులు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వాం. పాలవాడు వచ్చి, ఏమైంది అవ్వా అని అడిగాడు. వాడి ముఖం చూసి మళ్లీ నవ్వాం. ఆ నవ్వు ఆగాక ఆకలి మరీ ఎక్కువైంది.

ఆ తర్వాత ఒకరికొకరం అబద్ధాలు చెప్పుకోలేదు. అంతమాత్రాన కడుపులు నిండలేదు. ఆమె దగ్గరా లేదు, నా దగ్గరా లేదు, ఏం పంచుకుంటాం?

అరవ లెక్కలో పెరటాసి నెల వచ్చింది. మా చిత్తూరు వైపు ఆ నెల శనివారాలంటే పండగ. వెంకటేశ్వరస్వామికి తళిగ వేస్తారు. అంటే అరిటాకు పరిచి, అన్నమూ పప్పూ కూరలూ వడలూ స్వామి ముందర రాశిగా పోసి, పిండి దీపం వెలిగించి, ఆ తర్వాత ఇంటిల్లిపాదీ, వచ్చినవాళ్లూ కూర్చుని తింటారు. అందులో ఒక కట్టుబాటు ఉంది. ఆ బియ్యంలో కొంతైనా అడుక్కొచ్చినదై ఉండాలి. ఎంత ఆస్తి ఉన్నవాడైనా సరే, చెంబుకు నామాలు పెట్టి, తులసిమాల కట్టి, "గోవిందా" అంటూ ఇల్లిల్లూ తిరగాలి. వడమాలపేట దగ్గర మా పల్లెలో మా నాయన గాదెల నిండా వడ్లు ఉన్న మనిషి. ఆ రోజు మాత్రం చెప్పుల్లేకుండా, పంచె ఎగ్గట్టి, మా పొలంలో కూలికి వచ్చేవాళ్ల గడప ముందు కూడా నిలబడి గోవిందా అనేవాడు. వాళ్లు దోసిట్లో బియ్యం తెచ్చి ఆయన చెంబులో పోసేవాళ్లు. చిన్నప్పుడు నేను, "మనకి ఉండాయి గదా నాయనా, యాల అడగాల?" అంటే, "అడిగేదానికి కూడా నేర్సుకోవాల పాపా" అన్నాడు. ఆ మాట నాకు అప్పట్లో అర్థం కాలేదు, పట్టించుకోనూ లేదు.

ఆ చెంబు పెళ్లితో నా వెంట అత్తగారింటికి వచ్చింది, తోట పోయినా అది పోలేదు, ఈ గదిలో అటక మీద ఉంది. మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ చెంబెత్తడం మాకు మొక్కు. ఈసారి ఎత్తితే నిజంగానే అడుక్కోవడం. అదే నాకు అడ్డం పడింది. పైగా మగదిక్కు ఎత్తాల్సిన చెంబు, మొగుడు పోయినదాన్ని నేనెత్తితే నలుగురూ ఏమంటారో! రెండు రోజులు దాన్ని చూస్తూ పడుకున్నాను. మూడోనాడు కోపమొచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. చింతపండు పెట్టి తళతళలాడేలా తోమాను.

పంతులమ్మ నామాలు దిద్దింది. వాళ్ల ఇంటి నామాలు వంకర పోవు. శనివారం పొద్దున ఇద్దరం సందులోకి దిగాం. ఆమె బడిలో పద్యాలు చదివిన గొంతుతో గోవిందా అంటే ఇళ్లల్లో నుంచి పిల్లలు కూడా బయటికి వచ్చారు. ఓనరమ్మ పెద్ద గిన్నెతో బియ్యం పోసి, చెంబుకు మొక్కింది. మగదిక్కు మాట ఎవరూ ఎత్తలేదు. పెద్ద మేడ గేటు దగ్గర పెద్దాయన లేచి, లోపలికి పోయి, బియ్యమూ కందిపప్పూ తెచ్చాడు. పోస్తుంటే కొంచెం నేల మీద పడింది.

ఆ రోజు నా గదిలోనే తళిగ వేశాం. పంతులమ్మ మడి కట్టుకుని వండింది. గుమ్మడికాయ కూర, పప్పు, మిరియాల చారు. చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి మాత్రం నేను నూరాను, అది వైష్ణవులకు చేతకాదు. ఆవిరి పోతున్న అన్నం మీద పప్పు పోసుకుని మొదటి ముద్ద మింగుతుంటే నాకు ఏడుపొచ్చింది. భక్తి కాదు, సంతోషం కాదు, కోపం. చెంబుకు నామాలు పెడితే గానీ నా కంచంలోకి అన్నం రాలేదు కదా అని. ఏడుస్తూనే రెండోసారి వడ్డించుకున్నాను.

ఆ నెల శనివారాలన్నీ తిన్నాం. తిన్న మరునాడు వేరే మనిషిలా ఉండేదాన్ని. తల దువ్వుకునేదాన్ని. కొడుకు ఫోను చేస్తే నేనే ముందు మాట్లాడేదాన్ని. ఇంత మందు ఆ డాక్టరమ్మ దగ్గర కూడా లేదు.

పెరటాసి అయిపోయింది. చెంబు అటకెక్కాలి, మళ్లీ ఏడాదికే దింపాలి. కట్టుబాటు అది. వాన పట్టింది. పంతులమ్మ అరుగు మీదికి రావడం మానేసింది. జలుబేమో అనుకున్నాను. వాన తెరిపిచ్చిన రోజున ఆమె గదికి పోయాను. తలుపు దగ్గరికి వేసి ఉంది. చాప మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పొయ్యి మీద గిన్నె లేదు. సింకులో తడి లేదు.

"ఏం పంతులమ్మా, ఏం తిన్న్యావు?"

"ఈ పొద్దు ఒక్కపొద్దక్కా" అంది గోడతోనే.

నాతో! బుధవారం నవ్వు నవ్విన మనిషి నాతో ఆ మాట అంది. అది అబద్ధం చెప్పడం కాదు, ఇంక నన్ను వదిలేయమని చెప్పడం. ఆ దారి నాకు తెలుసు, నేను నడిచి వచ్చిన దారే. నాకు భయమేసింది. ఇంకొన్ని రోజులు ఇలా పోతే ఈమె మిగలదని భయం, ఈమె పోతే నేనూ మిగలనని భయం. ఆమెను లేపి కూర్చోబెట్టి, పక్క కొట్లో పాలు అరువు తెచ్చి, కాచి, బెల్లమేసి తాగించాను. మడి అంది, ఏదో అంది. "మడి నాకు సెప్పొద్దు, తాగు" అని అరిచాను. తాగింది.

శనివారం తెల్లవారగానే చెంబు దించాను. నామాలు నేనే పెట్టాను, వంకర పోయాయి. పంతులమ్మ గదికి పోయి చేయి పట్టుకుని లేపాను.

"పెరటాసి అయిపాయె గదక్కా" అంది.

"ఆకలి అయిపాయెనా?" అన్నాను.

మొదట ఆగింది ఓనరమ్మ వాకిలి ముందరే. గోవిందా అన్నాను. నా గొంతు ఒక్కటే వినిపించింది, పంతులమ్మకు ఊపిరి చాల్లేదు. ఓనరమ్మ బయటికి వచ్చి, చెంబు చూసి బిత్తరపోయింది. ఎదురింటివాళ్లూ, పక్కింటివాళ్లూ తలుపుల్లోకి వచ్చారు.

"పెద్దమ్మా, నెల అయిపాయె గదా. ఇప్పుడు ఎత్తకూడదు. ఏమన్నా కొత్త మొక్కా?"

అవునని ఒక్క మాట అంటే చాలు. ఏదో మొక్కంటే ఆమె మళ్లీ పెద్ద గిన్నెతో పోస్తుంది, దండం పెడుతుంది, నా గౌరవం నాకుంటుంది. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. పక్కన పంతులమ్మ గేటు కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది.

"మొక్కు కాదుమ్మా" అన్నాను. "ఇంట్లో బియ్యం ల్యా. ఏడాదిగా నేనుండే ఒక్కపొద్దులన్నీ బియ్యం లేకనే. తినబుద్ధి కాక కొన్ని. సామికి ఇందులో ఏం సంబంధం ల్యా, ఆయన్ని అనొద్దు. ఈమెది కూడా అంతే. మాకు ఆకలిగా ఉండాది."

నా చెవులకే అది పెద్దగా వినిపించింది. సందు సందంతా విన్నది. ఎదురింట్లో ఎవరో తలుపు మెల్లగా వేసుకున్నారు, ఆ గొళ్లెం చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. వేసుకోనీ. ఓనరమ్మ ముఖం ఎర్రబడింది. "ఎన్నిసార్లు తెస్తి పెద్దమ్మా, వడలు, ఉప్మా. నువ్వే గదా ఒక్కపొద్దు అంటివి" అంది, ఏడుపు గొంతుతో. అవును, నేనే అన్నాను. ఆమెది తప్పని నేననలేదు. ఆమె లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు బియ్యం గిన్నెతో పాటు ఇడ్లీలు కూడా తెచ్చి, దండం పెట్టకుండా, నా ముఖంలోకి చూసి చేతికిచ్చింది. దండం పెట్టకపోవడం నాకు నచ్చింది.

పెద్ద మేడ గేటు దగ్గర గోవిందా అనాలనిపించలేదు. అప్పటికే అన్నీ చెప్పేశాం కదా. పెద్దాయన కుర్చీలో లేడు. వెళ్లిపోదామనుకుంటుండగా లోపలి నుంచి మెల్లగా వచ్చాడు. చేతిలో బియ్యం లేదు, స్టీలు క్యారియరు ఉంది. కోడలు ఆఫీసుకు పోతూ కట్టి పెట్టిపోయిన మధ్యాహ్నపు భోజనం అది. గేటు తీసుకుని బయటికి వచ్చి మా ముందర నిలబడ్డాడు. ఆయన గొంతు నేను వినడం అదే మొదలు.

"సెల్లెమ్మా, నా దగ్గర అన్నం ఉండాది. దినామూ ఉంటాది. పక్కన మనిసి ల్యాక అది నాకు దిగదు. మా ఆడమనిసి పోయినకాడి నుంచి కుక్కకే పెడతా ఉండాను. మీరు తినేకాడికి నేనూ వస్తా."

రానివ్వకపోవడానికి మేమెవరం? ముగ్గురం నా గదిలో కూర్చున్నాం. పంతులమ్మ తెచ్చిన బియ్యంలో ఇంత తనే ఉడకేసుకుని, మడి కోసం కాస్త ఎడంగా, వాకిలి పక్కన కూర్చుంది. ఆయన క్యారియరు విప్పి, అప్పడం విరిచి నా ఆకులో సగం పెట్టాడు.  ఊరిబిండి రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు.

ఇప్పటికీ శనివారం చెంబు ఎత్తుతున్నాం. పెరటాసి ఒక్క నెలే కాదు, ఏడాదంతా. అపచారమన్నవాళ్లున్నారు. సిగ్గులేని ముసలిదన్నవాళ్లున్నారు. రెండు మూడు ఇళ్లవాళ్లు మమ్మల్ని చూసి టీవీ శబ్దం పెంచుతారు, మేము గోవిందా ఇంకా గట్టిగా అంటాం. ఇంకో వీధి నుంచి ఒకామె వచ్చి చేరింది, ఆమె కూడా మొదట ఒక్కపొద్దనే చెప్పింది. ఏ సామికి అని అడిగాం, అంతే. మిగతా రోజుల్లో పెద్దాయన క్యారియరు మా అరుగు మీదే విప్పుకుంటున్నాడు. వాళ్ల కోడలికి విషయం తెలిసి గిన్నె ఒకటి ఎక్కువ కడుతోంది. ఎర్రకుక్క మాత్రం నన్ను చూస్తే మొరుగుతుంది. దానికి నా మీద న్యాయమైన కోపం.

కొడుక్కి ఎవరో చేరవేశారు. ఫోనులో గట్టిగానే అరిచాడు. "మా, ఏం మా ఇది? అడుక్కుంటా ఉండావంట. మన పరువేం గావాల?" అన్నాడు. తోట పోయినప్పుడు పోని పరువు అన్నం అడిగితే పోతుందా అన్నాను. నేను వాళ్లింటి నుంచి ఎందుకొచ్చానో, ఏడాది ఏం తిన్నానో అప్పుడే చెప్పాను. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. ఏడుస్తున్నాడని తెలుసు, ఊరుకోబెట్టలేదు. "నీకు సిగ్గైతే ఒక శనివారం రా. చెంబు నువ్వే ఎత్తు, మగదిక్కు ఎత్తాల్సిందే గదా" అన్నాను. ఇంకా రాలేదు. వాడికి కాయల కాలం నడుస్తోంది, అయ్యాక చూద్దాం.

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. ఇప్పటికీ కొన్ని పొద్దున్నలు అగ్గిపెట్టె పట్టుకుని కూర్చుండిపోతాను. పంతులమ్మకు కూడా అటువంటి రోజులున్నాయి. అలాంటప్పుడు ఎవరు ముందు లేస్తే వాళ్లు రెండోవాళ్ల తలుపు కొట్టాలని మాట అనుకున్నాం.

మొన్న బుధవారం ఓనరమ్మ గిన్నె పట్టుకుని నా గుమ్మం దాకా వచ్చి, పాత అలవాటు కొద్దీ ఆగిపోయింది.

"పెద్దమ్మా, ఈ పొద్దు ఏమన్నా ఒక్కపొద్దా?"

"ల్యా" అన్నాను. "ఆకలిగా ఉండాది. ఏం కూర సేసినావు?"